ఏ దేశానికి, ఏ పత్రానికి?



హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్ళినవాళ్ళకు ఫొటో గురించిన చింత ఉండదు. కౌంటరు ముందు కూర్చోబెట్టి అక్కడి కెమెరాతోనే ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, పంపించేస్తారు. నాలుగేళ్ళు నిండని పిల్లలకు మాత్రం 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఫొటో, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, ఇంటి నుంచి పట్టుకెళ్ళాలి. మిగతావాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళవచ్చు.

అదే మనిషి డాలస్‌లోనో, దుబాయ్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటూ పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోవాలంటే ఫొటో బాధ్యత పూర్తిగా తనదే అవుతుంది. కొలత తప్పితే దరఖాస్తు తిరిగొస్తుంది. తిరిగొచ్చిందంటే మళ్ళీ అపాయింట్‌మెంటు, మళ్ళీ పోస్టు, మళ్ళీ ఎదురుచూపు. ఊళ్ళో అమ్మకో నాన్నకో ఒంట్లో బాగాలేదని కబురొచ్చిన వారంలో ఇది జరిగితే ఎంత నలిగిపోతారో, పిల్లలు దూరదేశాల్లో ఉన్న మీకు వేరే చెప్పక్కర్లేదు. గల్ఫ్‌లో పనిచేసే నిజామాబాదు, కరీంనగర్, కడప, కోనసీమ వాళ్ళకు వారానికి దొరికేది ఒక్కరోజు సెలవు. ఆ రోజు స్టూడియోకి వెళ్ళి తెచ్చుకున్న ఫొటో పనికిరాదంటే ఇంకో వారం ఆగాలి, లేదా ఒకరోజు కూలి వదులుకోవాలి. అందుకే ఇంత చిన్న విషయం మీద ఇవాళ ఇంతసేపు మాట్లాడబోతున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అంకెలు వస్తాయి.

బయటి దేశంలో ఫొటో దుకాణానికి వెళ్ళి పాస్‌పోర్టు ఫొటో కావాలని అడిగామనుకోండి. అక్కడి అబ్బాయి తన దేశపు కొలతకు తీసి ఇస్తాడు. అది అతని తప్పు కాదు, రోజూ అతని దగ్గరికొచ్చేవాళ్ళు అడిగేది అదే. అమెరికాలో మందుల షాపుకు వెళితే 2 అంగుళాల చదరపు ఫొటో చేతిలో పెడతారు. మిల్లీమీటర్లలో అయితే 51కి 51. లండన్‌లో రైల్వేస్టేషన్‌లోనో సూపర్‌మార్కెట్లోనో ఉండే ఫొటో బూత్‌లో కూర్చుంటే వచ్చేది 35కి 45 మిల్లీమీటర్లు. టొరంటోలో కెనడా పాస్‌పోర్టు కొలత అడిగితే 50కి 70, అరచేతిలో సగం కనిపించేంత పెద్దది. మనం నిలబడి ఉన్న దేశం ఏదైనా కావచ్చు, ఫొటో మాత్రం దరఖాస్తు అందుకునే దేశం చెప్పిన కొలతలోనే ఉండాలి. ఆ దేశంలోనూ ఏ పత్రానికి అన్నది చూసుకోవాలి. కెనడానే తీసుకోండి. వాళ్ళ పాస్‌పోర్టుకు 50కి 70. అదే కెనడాకు చూసిపోవడానికి వెళ్ళే అమ్మానాన్నల వీసా ఫొటో మాత్రం 35కి 45. కెనడా ఫొటో అని స్టూడియోవాడికి చెబితే సగమే చెప్పినట్టు.

టెక్సస్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇలాంటి ఇళ్ళు అక్కడ వేలల్లో ఉన్నాయి. భార్యాభర్తలకు భారత పాస్‌పోర్టులు, అక్కడే పుట్టిన పాపకు అమెరికా పాస్‌పోర్టు, సెలవులకు ఇండియా రావడానికి పాపకు ఓసీఐ కార్డు. ఆ వేసవిలో పారిస్ మీదుగా వస్తూ నాలుగు రోజులు ఆగుదామన్న ఆలోచన ఉంది, అంటే భార్యాభర్తలకు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా, షెంగెన్ వీసా కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. పాప అమెరికా పాస్‌పోర్టుకు 51 మిల్లీమీటర్ల చదరపు ఫొటో, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. అదే పాప ఓసీఐకి కూడా 51 మిల్లీమీటర్ల చదరమే, కానీ బ్యాక్‌గ్రౌండ్ తెలుపు కాకుండా ఏదైనా లేత రంగులో ఉండాలి. షెంగెన్ వీసాకు 35కి 45. తల్లిదండ్రుల భారత పాస్‌పోర్టు రెన్యువల్‌కు 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త పద్ధతి: 630 పిక్సెల్స్ వెడల్పు, 810 పిక్సెల్స్ ఎత్తు, ఫొటోలో 80 నుంచి 85 శాతం ముఖమే ఉండాలి, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. ముగ్గురు మనుషులు, నాలుగు రకాల ఫొటోలు. ఒకే రోజు ఒకే షాపులో తీయించుకుని అన్నిటికీ అవే వాడదామనుకుంటే కుదరదు.

ఈ 630, 810 అంకెలు ఎక్కడివని చాలామంది తికమకపడుతున్నారు. రెండింటినీ 90తో భాగించి చూడండి, 7, 9 వస్తాయి. 35, 45లను 5తో భాగించినా 7, 9లే. అంటే ఇది మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్న 35కి 45 ఫొటో ఆకారమే. ఇన్నాళ్ళూ అమెరికాలోని మనవాళ్ళు భారత పాస్‌పోర్టుకు కూడా చదరపు ఫొటోలే ఇస్తూ వచ్చారు. ఆ అలవాటు ఇప్పుడు మానుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. కాగితం కొలత సరిపోయినా, కాగితం మీద తల కొలత తప్పితే ఫొటో తిరిగొస్తుంది. అంచులు స్కేలు పెట్టి కత్తిరిస్తాం, కాబట్టి అవి సరిగ్గానే ఉంటాయి. గడ్డం అంచు నుంచి నడినెత్తి దాకా ఎంత ఉందో చాలామంది కొలవరు. అమెరికా ఫొటోలో అది 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అంటే ఒక అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళాలకు కాస్త తక్కువ. బ్రిటన్‌కు 29 నుంచి 34. షెంగెన్‌కు, ఆస్ట్రేలియాకు 32 నుంచి 36. కెనడాకు 31 నుంచి 36. కెనడా ఫొటో అంత పెద్దదైనా అందులో తల పెద్దది కాదని గమనించండి, చుట్టూ ఖాళీ ఎక్కువ, అంతే. మన దేశపు కొత్త నిబంధనలో 80 శాతం అంటే, 45 మిల్లీమీటర్ల ఎత్తున్న ఫొటోలో 36 మిల్లీమీటర్లు.

ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అమెరికా ఫొటోలో తల 35 మిల్లీమీటర్లకు మించకూడదు. భారత పాస్‌పోర్టుకు 36కు తగ్గకూడదు. అంటే అమెరికా ఫొటోను కత్తెరతో కత్తిరించి భారత ఫొటో చేయడం ఎంత నేర్పున్నవాళ్ళకైనా సాధ్యం కాదు. అదే అమెరికా ఫొటోలో తల 32 మిల్లీమీటర్లు ఉండి, అంచులు కత్తిరించి షెంగెన్‌కు ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. బ్రిటన్‌కు మాత్రం కొలత కుదిరినా బ్యాక్‌గ్రౌండ్ కుదరదు. కాగితం ఫొటోకు వాళ్ళు లేత బూడిద రంగో మీగడ రంగో అడుగుతారు. పైగా బ్రిటన్ పాస్‌పోర్టుకు ఫొటో తీసి నెల దాటకూడదు. అమెరికాకు ఆరు నెలల గడువుంది.

నడినెత్తి అంటే జుట్టు పైభాగం అనుకుని కొలిచేవాళ్ళున్నారు. చాలా దేశాలకు అది జుట్టు కాదు, పుర్రె పైభాగం. వత్తుగా, ఉబ్బుగా దువ్వుకున్న జుట్టున్న కుర్రాళ్ళకు, కొప్పు ఎత్తుగా పెట్టుకున్న ఆడవాళ్ళకు ఇక్కడే కొలత తప్పుతుంది. ఫొటో రోజు జుట్టు తలకు అంటుకునేలా దువ్వుకుని, జడ వెనక్కి వేసుకుంటే సరి.

ఇంత పట్టింపు ఎందుకు వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం దాకా చాలా దేశాల పాస్‌పోర్టుల్లో ఫొటోనే లేదు. ఎత్తు ఇంత, ముక్కు ఇలా, కళ్ళు ఫలానా రంగు అని మాటల్లో రాసేవారు. 1914లో కార్ల్ హాన్స్ లోడీ అనే జర్మన్ నౌకాదళ అధికారి ఒక అమెరికా పౌరుడి పేరు మీదున్న నిజమైన అమెరికన్ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో దిగి గూఢచర్యం చేశాడు. ఫొటో లేదు గనక ఆ పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అయింది. అతను పట్టుబడ్డాడు, ఆ ఏడాది నవంబరు 6న లండన్ టవర్‌లో కాల్చి చంపారు. ఆ సంవత్సరం ముగిసేలోగా అమెరికా పాస్‌పోర్టుకు ఫొటో తప్పనిసరి అయింది, మరుసటి ఏడాది బ్రిటన్ కూడా అదే దారి పట్టింది. తొలినాళ్ళలో ఫొటోకు పెద్ద నియమాల్లేవు. టోపీలు పెట్టుకుని దిగినవి, భార్యాబిడ్డలతో కలిసి దిగినవి కూడా చెల్లేవి.

1925లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఒక యంత్రం వెలిసింది. 25 సెంట్లు వేసి లోపల కూర్చుంటే ఎనిమిది ఫొటోలు బయటికి వచ్చేవి. దాన్ని తయారుచేసిన అనటోల్ జోసెఫో సైబీరియాలో పుట్టి, దేశాలు తిరిగి అమెరికా చేరినవాడు. సరిహద్దులు దాటుతూ బతికిన మనిషే ఫొటో బూత్‌ను కనిపెట్టాడన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఇవాళ పరదేశంలో ఉన్న కోట్ల మంది ఆ యంత్రం పిల్లల ముందే కూర్చుంటున్నారు.

ఇప్పటి నియమాలకు మూలం మాంట్రియల్‌లో ఉన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. అందరూ ఐకావో అంటారు. పాస్‌పోర్టు ఎలా ఉండాలో చెప్పే వాళ్ళ పత్రం నంబరు 9303. విమానాశ్రయాల్లో మన ముఖాన్ని ఇప్పుడు మనుషులే కాదు, యంత్రాలు కూడా పోల్చి చూస్తున్నాయి. మన ఈ-పాస్‌పోర్టులో చిప్ ఉంటుంది, 2024 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలై హైదరాబాదు కార్యాలయానికీ వచ్చింది. ఆ చిప్‌లో మన ఫొటో కూడా ఉంటుంది. కళ్ళు ఎక్కడున్నాయి, ముక్కు ఎక్కడుంది, గడ్డం అంచు ఎక్కడ అని యంత్రం వెతుకుతుంది. తల మరీ చిన్నదైతే దానికి ఆనవాళ్ళు చాలవు, మరీ పెద్దదైతే అంచులు తెగిపోతాయి. నవ్వితే చెంపలు, కళ్ళు మారిపోతాయి కాబట్టి నవ్వొద్దంటారు. కళ్ళద్దాల మెరుపు కళ్ళను కప్పేస్తుంది. 2016 నవంబరు 1 నుంచి అమెరికా కళ్ళద్దాలను పూర్తిగా వద్దంది. వీసా ఫొటో తీయించుకునే అమ్మానాన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏళ్ళ తరబడి అద్దాలు పెట్టుకున్నవాళ్ళు తీయమంటే ఇబ్బంది పడతారు, అయినా తీయాల్సిందే.

బొట్టు పెట్టుకోవచ్చా, ముక్కుపుడక తీయాలా అని చాలామంది అక్కచెల్లెళ్ళు అడుగుతుంటారు. ముఖం ఆనవాళ్ళను కప్పనంత వరకు బొట్టుతో, ముక్కుపుడకతో ఇబ్బంది లేదు. నుదుటి మీద పడే ముంగురులు, వెలుగుకు మెరిసే పెద్ద లోలాకులు మాత్రం ఇబ్బంది పెడతాయి. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకోకండి, భుజాలు గోడలో కలిసిపోతాయి. ముదురు రంగు ఏదైనా మంచిదే.

ఫొటో ఇంట్లోనే తీసుకోవడం చాలా దేశాల్లో చెల్లుతుంది. కెనడా పాస్‌పోర్టుకు చెల్లదు, అది వృత్తి ఫొటోగ్రాఫర్ తీయాలి, ఒక ఫొటో వెనక స్టూడియో పేరు, చిరునామా, తీసిన తేదీ ఉండాలి. జర్మనీలో 2025 మే 1 నుంచి అక్కడి పాస్‌పోర్టులకు, నివాస అనుమతి కార్డులకు కాగితం ఫొటోలు ఆపేశారు. గుర్తింపు పొందిన స్టూడియో నుంచి గానీ, ఆఫీసులోని యంత్రం నుంచి గానీ ఫొటో నేరుగా కంప్యూటర్లోకి వెళ్ళాలి. ఈ రెండు చోట్ల ఉన్నవాళ్ళు ఇంటి ప్రయత్నం పెట్టుకోకండి.

మిగతావాళ్ళు పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడండి, కిటికీ పక్కన వద్దు. పక్కన నిలబడితే ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో ఉంటుంది. వెనక ఆ పత్రం అడిగిన రంగు గోడో, ముడతలు లేని దుప్పటో ఉంటే చాలు, కానీ దానికి ఆనుకోకుండా రెండడుగులు ముందుకు రండి, నీడ పడదు. ఫోను ఇంకొకరి చేతికివ్వండి. సెల్ఫీ వద్దు, చెయ్యి చాచినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, మన ముఖం మనది కాకుండా పోతుంది. నాలుగైదు అడుగుల దూరంలో, ఫోను మన కళ్ళ ఎత్తులో పట్టుకుని తీయాలి. పొట్టి పిల్లాడి చేతికి ఫోనిస్తే గడ్డం కింద నుంచి వస్తుంది. తలచుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి తీయండి. ఆ ఖాళీ ఉంటేనే రేపు ఏ దేశపు కొలతకైనా కత్తిరించుకోవచ్చు. కత్తిరించని ఆ మొదటి ఫొటోను పదిలంగా దాచుకోండి. దాని మీద ఏమీ చేయకుండా నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గానో మెయిల్‌లోనో పంపుకోవాలి.

అచ్చు వేయించడానికి ఒక ఉపాయం ఉంది. 4కి 6 అంగుళాల మామూలు ఫొటో కాగితం మీద 2 అంగుళాల చదరాలు సరిగ్గా ఆరు పడతాయి. 35కి 45వి ఎనిమిది పడతాయి. అలా అమర్చిన ఒక్క ప్రింటు అమెరికాలో అర డాలరు అటూఇటూ. అదే షాపులో పాస్‌పోర్టు ఫొటో అని అడిగితే పదిహేను డాలర్లకు పైనే. కొత్తగా వెళ్ళిన విద్యార్థికి ఆ తేడా ఒక పూట భోజనం కాదు, రెండు మూడు రోజుల వంటసరుకు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ప్రింటు తీసే యంత్రాలు కాగితం నిండుగా రావాలని బొమ్మను కొద్దిగా పెంచుతాయి, అంచులు కోసేస్తాయి. అందుకని చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. రెండు అంగుళాలు రెండు అంగుళాలుగానే ఉందా, తల అనుకున్న మిల్లీమీటర్లలోనే ఉందా చూసుకున్నాకే కత్తెర తీయండి.

పసిబిడ్డల ఫొటో మాత్రం నిజంగా ఓర్పు పని. మెడ నిలవని బిడ్డను తెల్లటి దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి పై నుంచి తీయడం అన్నిటికంటే తేలిక. మన నీడ బిడ్డ ముఖం మీద పడకుండా రెండు పక్కల నుంచీ వెలుగు రావాలి. పట్టుకున్న తల్లి చెయ్యి, పాల పీక, బొమ్మ, ఏవీ ఫొటోలో కనిపించకూడదు. పాలు తాగి, నిద్రలేచి, హాయిగా ఉన్న వేళ చూసుకుని తీయండి. బ్రిటన్ ఏడాది లోపు పిల్లలకు కళ్ళు తెరిచి ఉండాలన్న పట్టింపు పెట్టదు. అమెరికా కూడా పసికందుల కళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా ఒప్పుకుంటుంది. దిష్టిచుక్క నుదుటి మీదో బుగ్గ మీదో పెద్దగా ఉంటే ఆ కాసేపు తుడిచి, ఫొటో అయ్యాక మళ్ళీ పెట్టండి.

ఇప్పుడు చెప్పబోయేది నా మనసుకు కష్టం కలిగించే విషయం. ఆన్‌లైన్లో ఫొటోలు పరీక్షించే యంత్రాలు అందరి ముఖాలనూ ఒకేలా చూడటం లేదు. 2020లో బీబీసీ వాళ్ళు బ్రిటన్ పాస్‌పోర్టు ఫొటో పరీక్షను వెయ్యికి పైగా ఫొటోలతో చూశారు. ముదురు ఛాయ ఆడవాళ్ళ ఫొటోల్లో 22 శాతం బాగాలేవని యంత్రం చెప్పింది. తెల్లని మగవాళ్ళ ఫొటోల్లో ఆ మాట అనిపించుకున్నవి 9 శాతం. మన ఛాయ ముఖాల మీద ఆ యంత్రం తడబడితే తప్పు ముఖానిది కాదు. వెలుగు ఇంకాస్త పెంచి, రెండు పక్కల నుంచీ సమంగా పడేలా చూసి, మళ్ళీ తీయండి. అప్పటికీ కాదంటే, బ్రిటన్ పద్ధతిలో యంత్రం వద్దన్న ఫొటోనే కారణం రాసి పంపే వీలుంది. దాన్ని వాడుకోండి.

మన వైపు కూడా ఒక దురలవాటు ఉంది. ఇక్కడి స్టూడియోల్లో అడగకుండానే ముఖం తెల్లబరుస్తారు, మచ్చలు తీసేస్తారు, చెంపలు నున్నగా చేస్తారు. పెళ్ళి ఆల్బమ్‌కు చేసే పని పాస్‌పోర్టుకూ చేస్తారు. ఇది చాలా హాని. అమెరికా నిబంధనల్లో ఫొటోను యాప్‌లతో, ఫిల్టర్లతో, కృత్రిమ మేధతో మార్చకూడదని స్పష్టంగా ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా చేస్తానని చెప్పే యాప్‌లు జుట్టు అంచులు, చెవి అంచులు కొరికేస్తాయి, అదీ పట్టుబడుతుంది. అంతకంటే ముఖ్యంగా, రేపు విమానాశ్రయంలో నిలబడేది మన అసలు ముఖం. మన ఛాయ, మన పుట్టుమచ్చ, మన చికెన్‌పాక్స్ గుంట, ఇవన్నీ మనల్ని గుర్తుపట్టించే ఆనవాళ్ళు. ఏమీ దిద్దొద్దని స్టూడియో వాళ్ళకు ముందే గట్టిగా చెప్పండి. అమ్మాయిలూ, మీ ముఖం తెల్లబరచమని మీరు అడగకపోయినా తెల్లబరిచేవాళ్ళుంటారు, ప్రింటు చేతికి రాగానే చూసుకుని వద్దని తిప్పికొట్టండి.

చివరగా, ఎంబసీకి దూరంగా ఉన్న ఊళ్ళలో ఉంటున్నవాళ్ళకు ఒక మాట. భారత రాయబార కార్యాలయాలు అప్పుడప్పుడు అలాంటి ఊళ్ళకు వచ్చి కాన్సులర్ క్యాంపులు పెడతాయి. వందల మంది వరుసల్లో ఉంటారు, ఫొటో బాగాలేదంటే దగ్గర్లో స్టూడియో ఉంటుందన్న నమ్మకం లేదు. బయల్దేరే ముందురోజు ఎంబసీ పెట్టిన నోటీసులో ఫొటో కొలత మళ్ళీ ఒకసారి చూడండి, నిబంధనలు మారుతూ ఉంటాయి. కత్తిరించిన రెండు ఫొటోలతో పాటు కత్తిరించని ప్రింటు ఒకటి, ఒక చిన్న కత్తెర, స్కేలు, ఫోనులో అసలు ఫొటో కూడా పెట్టుకెళ్ళండి. వరుసలో మీ ముందున్న అన్నకో, వెనకున్న తమ్ముడికో అవి అవసరపడవచ్చు, ఇవ్వండి.